అబీదా సంచి, బొగ్గుగీత గుడ్లు

సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు అబీదా తన సంచి తెరిచి చూపించాలి. ఆ ల్యాబులో ఇంకెవరూ చూపించక్కర్లేదు.

తెనాలి నుంచి చేబ్రోలు వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటాక పొలాల మధ్య ఉండేదా ల్యాబు. తెల్లకోట్లు మడిచి చేతి మీద వేసుకున్నవాళ్ళు స్కూటర్లు స్టార్ట్ చేసుకుని గేటులోంచి తుర్రున పోయేవాళ్ళు. వాళ్ళ బ్యాగుల్లో ఏముందో అడిగే నాథుడు లేడు. కోళ్ళ షెడ్డు చూసే అబీదా మాత్రం గేటు పక్కనున్న నాపరాయి బల్ల మీద సంచి పెట్టి, టిఫిన్ క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే విప్పి, అడుగున గుడ్లేమీ లేవని చూపించి, మళ్ళీ సర్దుకుని వెళ్ళాలి. వాచ్‌మన్ కోటయ్య మంచివాడు. మొహం అటు తిప్పుకుని "మూసెయ్యమ్మా మూసెయ్యి, చూశాలే" అనేవాడు. కానీ మేనేజరు శివరామయ్య వరండాలో నిలబడి ఉన్న రోజున కోటయ్య కూడా ఏమీ చెయ్యలేడు. అలాంటి ఒక రోజున ఆ సంచిలో, నెలకోసారి ఆడవాళ్ళకి అవసరమయ్యే గుడ్డలు ఉన్నాయి. వాటినీ తీసి బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. స్కూటర్ల వాళ్ళు చూశారు. అబీదా వాటిని మడిచి లోపల పెట్టుకుని, బస్సెక్కి ఇంటికి వెళ్ళి వంట చేసింది. ఆ సంగతి భర్తకు కూడా చెప్పలేదు. మూడేళ్ళు అలాగే గడిచాయి.

ఎందుకు ఊరుకుందంటే, ఆ పని ఆమెకు ఇష్టం. బతుకుతెరువు మాట ఎలాగూ ఉంది, దాని పైన ఇష్టం.

అబీదా పుట్టింది రేపల్లెలో. తల్లి ఖతీజాకి కోళ్ళే లోకం. ఏ పెట్ట పొదుగుకొచ్చిందో, ఏ గుడ్డు పిల్లవుతుందో కూతురికి చిన్నప్పుడే నేర్పింది. పొదగేసే గుడ్ల మీద పొయ్యిలోని బొగ్గుతో చుట్టూ ఒక గీత గియ్యాలి. పక్క పెట్టలు వచ్చి అదే గంపలో కొత్త గుడ్లు పెట్టిపోతే, గీత లేనివి తీసి కూరకి వాడుకోవచ్చు. ఆ డెల్టాలో కోళ్ళు పెంచే ఏ ఇంట్లో అడిగినా ఈ మాటే చెప్తారు. బొగ్గుగీత ఉన్న గుడ్డు జోలికి ఎవరూ పోరు.

పెళ్ళయి తెనాలి వచ్చింది. భర్త నన్నే సాహెబ్ రేకు ట్రంకు పెట్టెలు చేసేవాడు. ప్లాస్టిక్ సూట్‌కేసులొచ్చి ట్రంకు పెట్టెల్ని అటకెక్కించాక అబీదా పనికి బయల్దేరింది. మొదట ఒక కోళ్ళ ఫారంలో చేసింది. ఆ తర్వాత 2003లో ఈ ల్యాబు పెట్టినప్పుడు, దాని యజమాని బిందుమాధవి ఆమెను వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది. బిందుమాధవి వ్యవసాయదారుల బిడ్డ. బయోకెమిస్ట్రీలో డాక్టరేటు చేసి, ఉద్యోగం మానుకుని, నాన్న ఇచ్చిన పొలంలో ఈ షెడ్లు వేసుకుంది.

"కోళ్ళకి సూది వెయ్యాలి అబీదా. భయం లేదు కదా?"

"కోళ్ళకా, నాకా మేడం?"

"ఇద్దరికీ."

"మాకేం భయం లేదు గానీ, ఆ సూదిలో ఏంటో చెప్పండి. చుట్టుపక్కల వాళ్ళు అడిగితే నేను ఏదో ఒకటి చెప్పాలిగా."

బిందుమాధవి అరుగు మీద కూర్చుని చెప్పింది. మన కాలేయంలో కొలెస్ట్రాల్ తయారవుతుంది. ఆ తయారీ ఎంత జోరుగా సాగాలో తేల్చే ఎంజైము ఒకటుంది. దాని పేరు హెచ్.ఎం.జి. కోఏ రిడక్టేజ్. గుండెకి ముప్పు రాకుండా డాక్టర్లు రాసే కొలెస్ట్రాల్ మాత్రల్లో ఎక్కువ భాగం దాని చేతులు కట్టేసేవే. కొత్త మందులు కనిపెట్టేవాళ్ళకి, కాలేయం ముక్కలో ఆ ఎంజైము ఎంతుందో తెలియాలి. అక్కడ వేల రకాల ప్రొటీన్లు కలగలిసి ఉంటాయి. వాటిలోంచి దీన్నొక్కదాన్నే గుర్తుపట్టి పట్టుకునేది కావాలి. అదే యాంటీబాడీ.

"దాన్ని మనం చెయ్యలేం. కోడి చేస్తుంది. ఎంజైము ముక్కని కోడి ఒంట్లోకి పంపితే, ఇదెవరో పరాయివాడని కోడి దాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. వాటిలో కొన్నిటిని పుట్టబోయే పిల్ల కోసం పచ్చసొనలో దాస్తుంది. మనం ఆ గుడ్డు తీసుకుంటాం."

"కుందేళ్ళని పెట్టి చేస్తారంట కదా మేడం, ఫారంలో ఎవరో అన్నారు."

"చేస్తారు. కానీ కుందేలు రిడక్టేజూ మన రిడక్టేజూ దాదాపు ఒకటే. కుందేలు చుట్టమనుకుని ఊరుకున్నా ఊరుకుంటుంది. కోడి ఊరుకోదు. పైగా కుందేలుకి చెవిలోంచి రక్తం తియ్యాలి. కోడి తనంతట తనే గుడ్డు పెట్టి పోతుంది."

అబీదా నవ్వింది. "అంటే, గుమ్మంలో కొత్త మనిషి కనపడగానే ఇల్లు ఎగరగొట్టే కోడి కావాలన్నమాట మీకు."

అలాంటి కోడే దొరికింది. అబీదా దానికి పొగరుబోతు అని పేరు పెట్టింది. తెల్ల లెగ్‌హార్న్ పెట్ట. దాన్ని పట్టుకుని రొమ్ము కండలో సూది వేయించాలంటే అబీదా చేతికి గాయం కావాల్సిందే. కానీ దాని గుడ్లలో వచ్చిన యాంటీబాడీ ఇంకే కోడి గుడ్లలోనూ రాలేదు. పరీక్ష చేసినప్పుడు మిగతా కోళ్ళ యాంటీబాడీ పక్కనున్న ప్రొటీన్లకి కూడా అతుక్కుని కాలేయం ప్రొటీన్లు పరిచిన తెల్ల పొర మీద నాలుగైదు మరకలు చూపించేది. పొగరుబోతుది ఒక్కటే గీత చూపించేది, ఎక్కడ ఉండాలో అక్కడ.

ఇంటి దగ్గర నన్నే సాహెబ్ వేళాకోళం చేసేవాడు. "మీ మేడం గుడ్లు తింటే నాక్కూడా కొలెస్ట్రాల్ తగ్గుద్దా?"

"తగ్గదు. ఆమ్లెట్టు అవుద్ది. అది కూడా నేను తేను, నువ్వు తినవు."

ఫ్రిజ్జులోంచి తీసిన గుడ్డుకి చెమట పడుతుంది, పెన్నుతో రాసిన గుర్తు చెరిగిపోతుంది. పొగరుబోతు గుడ్లు వేరే వాటితో కలిసిపోకుండా ఏం చెయ్యాలని బిందుమాధవి తల పట్టుకుంటే, అబీదా తన రేపల్లె పద్ధతి చెప్పింది. బొగ్గు చెమటకి పోదు. బిందుమాధవికి అది నచ్చింది. "గియ్యి. బాగుంది" అంది. అప్పట్నుంచి పొగరుబోతు గుడ్లన్నిటికీ బొగ్గుగీతే.

2006 వానాకాలం చివర్లో పొగరుబోతు చచ్చిపోయింది. ముసలిదైంది, అంతే. సూది వెయ్యడానికి ఎంజైము కూడా అయిపోయింది. మళ్ళీ తెప్పించి, మళ్ళీ కొత్త కోళ్ళకి వేసి, వాటిలో అలాంటిది ఒకటి దొరకాలంటే ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఫ్రిజ్జులో ఒక ట్రే నిండా బొగ్గుగీత గుడ్లు మాత్రం ఉన్నాయి. హైదరాబాదులో మందుల మీద పరిశోధన చేసే ఒక సంస్థ ఆ యాంటీబాడీ కోసం ఎదురుచూస్తోంది. ల్యాబు నిలబడాలంటే ఆ ట్రే ఆధారం.

అప్పుడే రంజాన్ వచ్చింది. అబీదా సెలవు పెట్టి పుట్టింటికి బయల్దేరింది. వెళ్ళే రోజు శివరామయ్య స్వయంగా గేటు దగ్గర నిలబడి, పండక్కి తీసుకెళ్తున్న కొత్త చీర మడత కూడా విప్పించి చూశాడు. ఆమె రేపల్లె చేరింది. పండగ అయిపోగానే వాన పట్టుకుంది. ఒక మోస్తరు వాన కాదు. కాలవలు పొంగి రోడ్ల మీదికొచ్చాయి, రైలు ఆగిపోయింది, తెనాలి వైపు కరెంటు స్తంభాలు పడిపోయాయి. అబీదా రావలసిన రోజుకి రాలేకపోయింది.

వాన వెలిసి రైలు నడిచిన మొదటి ఉదయమే ఆమె పెట్టె సర్దుకుని నేరుగా ల్యాబుకి వచ్చింది. గేటులో అందరూ నిలబడి ఉన్నారు. ఆమెను చూడగానే శివరామయ్య ముందుకొచ్చాడు. ఆయన బిందుమాధవికి మేనమామ వరస. లెక్కలు, మనుషులు, గేటు అంతా ఆయన చేతిలోనే.

"రామ్మా రా. పండగ బాగా జరిగిందా? గుడ్లు రుచిగా ఉన్నాయా?"

"ఏ గుడ్లండీ?"

"ఏ గుడ్లో నన్నే అడుగుతావేంటి? బొగ్గుగీత గుడ్లు. ట్రే ఉంది, గుడ్లు లేవు. బిర్యానీలో వేశారా, కేకులో వేశారా?"

అబీదా ఒక్క క్షణం ఆయన్ని చూసి, ఆయన్ని వదిలేసి బిందుమాధవి వైపు తిరిగింది.

"మేడం, మీరు చెప్పండి. మీరూ అదే అనుకుంటున్నారా?"

బిందుమాధవి నేల చూసింది. "నేనేమీ అనుకోవట్లేదు అబీదా. గుడ్లు లేవు. అంతే."

శివరామయ్య అన్న మాట అబీదాకి తగల్లేదు. ఈ 'అంతే' తగిలింది. పొగరుబోతు గోళ్ళు దిగిన గాట్లు ఇంకా ఆమె ముంజేతి మీద ఉన్నాయి. దొంగ అన్న పేరు ఒకసారి పడితే తెనాలిలో ఏ గుమ్మం ఎక్కగలదు? కానీ ఆమె ఏడవలేదు. గొంతు కూడా తగ్గించలేదు.

"శివరామయ్యగారూ, మూడేళ్ళుగా నా సంచి చూస్తున్నారు కదండీ. ఒక్కనాడైనా గుడ్డు దొరికిందా?"

"దొరికేట్టు పట్టుకెళ్తే అది దొంగతనమెలా అవుద్దమ్మా?"

"నేను రేపల్లె వెళ్ళిన రోజు మీరే నిలబడి చూశారు. కొత్త చీర మడత కూడా విప్పించారు."

"అదే అంటున్నా. ఏం మాయ చేశావో మరి!"

ఇదండీ ఆ వెతుకులాట సంగతి. సంచి వెతికించుకున్నవాళ్ళకి ఆ వెతుకులాట ఏనాడూ సాక్ష్యం చెప్పదు. వస్తువు దొరికితే దొంగ, దొరక్కపోతే దొరకని దొంగ. సంచి విప్పమని చెప్పిన రోజే తీర్పు అయిపోయి ఉంటుంది.

"పోలీసుల్ని పిలవమంటావా?" అన్నాడు శివరామయ్య.

"పిలవండి. నేనిక్కడే కూర్చుంటా." అబీదా వెళ్ళి నాపరాయి బల్ల మీద కూర్చుంది. రోజూ తన సంచి పెట్టే చోటే. "వాళ్ళొచ్చాక ఒకటే అడుగుతా. కరెంటు పోయిన రోజుల్లో ఇక్కడున్నవాళ్ళు ఎందరు, వాళ్ళల్లో ఎందరి సంచులు చూశారు అని."

అప్పుడు మోకాళ్ళ దాకా బురదతో, సైకిలు తోసుకుంటూ కోటయ్య వచ్చాడు. ఆయనది సంగం జాగర్లమూడి. ఊళ్ళో కాలవగట్టు తెగుతుందేమోనని మగవాళ్ళంతా ఇసక బస్తాలు వేస్తున్నారు, అందుకని ఇన్నాళ్ళూ డ్యూటీకి రాలేదు.

"ఏంటండీ, అందరూ గేట్లోనే ఉన్నారు? అబీదమ్మా, ఎప్పుడొచ్చావు?"

"గుడ్లు పోయాయయ్యా, గుడ్లు!" శివరామయ్య విసుక్కున్నాడు. "బొగ్గుగీత గుడ్లు."

"అవా!" కోటయ్య మొహం విప్పారింది. "అవి పోలేదండీ. పొదగేశాను."

"ఏం చేశావ్?" అంది బిందుమాధవి.

"పొదగేశానండి. కరెంటు పోయింది కదండీ. ఫ్రిజ్జు కడగాలని శివరామయ్యగారే అన్నీ తీయించి వరండాలో పెట్టించారు. జల్లు కొడతా ఉంది. చూద్దును కదా, గుడ్ల మీద బొగ్గుగీతలు. అయ్యో, అబీదమ్మ పొదుక్కి పెట్టుకున్న గుడ్లు, మనిషేమో ఊళ్ళో లేదు, పాడైపోతాయనుకున్నా. మా ఇంట్లో పెట్ట ఒకటి పొదుగుకొచ్చి కూర్చునుంది. పక్కింటి పెట్ట కూడా కూర్చునుంది. తువ్వాల్లో చుట్టి పట్టుకెళ్ళి రెండిటి కిందా సర్దా. పిల్లలయ్యాక అమ్మాయికి ఇద్దామని."

అబీదా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"బాబాయ్, మన షెడ్డులో పుంజేది?"

కోటయ్య ఆలోచించాడు. "పుంజు... లేదు కదూ."

"పుంజు లేకుండా పిల్లలెట్టా అవుతాయి?"

"గీత ఉంటే పుంజు కూడా ఉంటుందనుకున్నానమ్మా!"

స్కూటర్ల వాళ్ళు పగలబడి నవ్వారు. కోటయ్య మాత్రం నవ్వలేదు. ఆయనకు అప్పుడే అర్థమైంది, బల్ల మీద అబీదా ఎందుకు కూర్చుందో. "నన్నడిగితే చెప్పేవాణ్ణి కదండీ" అన్నాడు నెమ్మదిగా. "నా తువ్వాలు ఎవరూ చూడరుగా."

శివరామయ్య అంతటితో వదల్లేదు. "అసలు బొగ్గుగీతలు పెట్టమని ఎవరన్నారు? అందుకే కదా ఇంత జరిగింది? ఆ గుడ్లు కుళ్ళిపోయుంటే ఎవరిది బాధ్యత?"

అబీదా మళ్ళీ బిందుమాధవి వైపే చూసింది. ఈసారి బిందుమాధవి నేల చూడలేదు.

"నేనే గియ్యమన్నాను మామయ్యా. అబీదా, బండెక్కు."

కాలవగట్టు వెంబడి స్కూటరు జారుతూ, ఆగుతూ సంగం జాగర్లమూడి చేరింది. కోటయ్య ఇంట్లో గంపలో పెట్ట ఈకలన్నీ నిక్కబొడుచుకుని కూర్చుని ఉంది. చెయ్యి పెడితే పొడిచింది. "పర్లేదు, నాకలవాటే" అని అబీదా దాన్ని రెక్కల కింద పట్టుకుని ఎత్తింది. పక్కింటి పెట్ట కిందవి కూడా తెచ్చి చూశారు. బొగ్గుగీతలు చెక్కు చెదరలేదు. కొన్ని గుడ్లు చిట్లాయి, కొన్ని వాసనొస్తున్నాయి. ఎక్కువ భాగం బాగానే ఉన్నట్టు కనిపించాయి.

"పైకి బాగున్నాయి మేడం. లోపలి సంగతి మీదీ, దేవుడిదీ."

"యాంటీబాడీ మొండిది. కోడి పొట్ట కింద వేడికి అది చెడదు, ఎందుకంటే అది పుట్టిందే కోడి ఒంట్లో. ఆ లెక్కన మిగిలే ఉండాలి" అంది బిందుమాధవి. మళ్ళీ తనే, "ఉండాలి అంటున్నాను. ఉందని అనట్లేదు" అంది.

ల్యాబుకి కరెంటు ఇంకా రాలేదు. బాపట్లలో ఒక కాలేజీలో బిందుమాధవి స్నేహితురాలు పనిచేస్తుంది, అక్కడ కరెంటు ఉంది. పచ్చసొనలు వేరు చేసి ఐసు పెట్టెలో పెట్టుకుని ఇద్దరూ ప్యాసింజరు ఎక్కారు. ఐసు పెట్టె అబీదా ఒళ్ళో ఉంది. కిటికీలోంచి చూస్తే పడిపోయిన వరి, దాని మీద నీళ్ళు.

నిడుబ్రోలు దాటాక బిందుమాధవి అంది, "గేటు దగ్గర నేను మాట్లాడాల్సింది."

"అవును మేడం, మాట్లాడాల్సింది" అంది అబీదా. పర్లేదులెండి అనలేదు. అనడానికి నోటిదాకా వచ్చింది, మింగేసింది.

బాపట్లలో సొనని నీళ్ళలో కలిపి, కొవ్వు విడదీసి, యాంటీబాడీ ఉండే తేటని తీశారు. ఒక తెల్లటి పొర మీద కాలేయం ప్రొటీన్లన్నీ బారుగా పరిచి ఉన్నాయి, కంటికి కనపడకుండా. దాని మీద ఆ తేట పోసి, కడిగి, రంగు తెప్పించే మందు పోసి ఎదురుచూడ్డం మొదలుపెట్టారు. బిందుమాధవి గోడ వైపు తిరిగి నిలబడింది. అబీదా చూపు మరల్చలేదు. గుడ్లు పాడైతే నింద మళ్ళీ బొగ్గుగీత మీదికే వస్తుంది. తన పేరు ఇప్పుడు ఆ పొర మీద ఉంది.

పొర తెల్లగానే ఉంది. ఇంకా తెల్లగానే ఉంది. తర్వాత ఒకచోట మబ్బు పట్టినట్టయింది. ఆ మబ్బు దగ్గరపడి, ముదిరి, గీతైంది. ఒకే ఒక్క గీత. చుట్టూ ఒక్క మరక లేదు.

"పొగరుబోతు" అంది అబీదా.

బిందుమాధవి గిరుక్కున తిరిగింది. చూసింది. అబీదా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

మర్నాటి సాయంత్రం ల్యాబు వదిలే వేళకి శివరామయ్య గేటు దగ్గర నవ్వు మొహంతో నిలబడి ఉన్నాడు. "ఇవాళ్టి నుంచి నీ సంచి చూడక్కర్లేదమ్మా. నీ మీద నమ్మకం కుదిరింది."

అబీదా ఆగింది. ఆమె వెనక షెడ్డు కడిగే లూకా, భుజానికి సంచితో నిలబడ్డాడు. అతను వచ్చి నెల కూడా కాలేదు.

"లూకా సంచో?"

"అతను కొత్తవాడు కదా."

"అంటే నన్నొదిలి లూకాని పట్టుకుంటారా? మీ నమ్మకం నాకెందుకండీ? నేనేం తప్పు చేశానని ఇప్పుడు కొత్తగా నమ్మడం?" ఆమె తన సంచి బల్ల మీద పెట్టింది. "చూస్తే అందరివీ చూడండి. మేడంగారిది, మీది, స్కూటర్లవి, అన్నీ. చూడకపోతే ఎవరివీ చూడొద్దు. రెండిట్లో ఏదైనా నాకు సమ్మతమే. మూడోది ఉంటే మాత్రం రేపట్నుంచి నేను రాను. కోళ్ళని మీరే పట్టుకోండి."

స్కూటర్లు ఆగాయి. ఎవరూ దిగలేదు. బిందుమాధవి వచ్చి తన హ్యాండ్‌బ్యాగు అబీదా సంచి పక్కన పెట్టి జిప్పు తీసింది. "కోటయ్యా, చూడు."

కోటయ్య చూడ్డానికి ముందు తన తువ్వాలు తీసి దులిపి బల్ల మీద పరిచాడు. "ముందు నాది చూడండి. అసలు దొంగని నేనే."

నవ్వుల మధ్య ఒక్కొక్కరూ దిగారు. చివరికి శివరామయ్య చేతిసంచి కూడా బల్లెక్కింది. కళ్ళజోడు పెట్టె, పత్రిక, ఒక మాత్రల అట్ట.

"ఇవేం మాత్రలండీ?" అంది అబీదా.

"కొలెస్ట్రాల్‌వి" అన్నాడాయన గొణుగుతూ.

"అయితే ఇన్నాళ్ళూ మీరూ, మా పొగరుబోతూ ఒకే ఎంజైము వెంట పడ్డారన్నమాట. పాపం, దాని ఉసురు పోసుకోకుండా వేళకి వేసుకోండి."

కొన్నాళ్ళు అందరి సంచులూ చూశారు. గేటు దగ్గర స్కూటర్లు బారులు తీరేవి. తెల్లకోట్లవాళ్ళకి విసుగొచ్చింది, అవమానంగానూ ఉందన్నారు. అబీదాకి మూడేళ్ళు ఎలా ఉందో వాళ్ళకి ఆ కొద్దిరోజుల్లోనే తెలిసొచ్చింది. ఆ పద్ధతే ఎత్తేశారు. ఇప్పుడా నాపరాయి బల్ల మీద సాయంత్రం టీ ఫ్లాస్కు పెడుతున్నారు. అబీదా ఇప్పటికీ అక్కడే ఉంది, కొత్త పెట్టలకి సూదులు వేయిస్తోంది. వాటిలో ఒకటి నిన్న ఆమె బొటనవేలు చీరేసిందట. ఆశ పెట్టుకోవచ్చు అంటోంది.

ఇది చదివినవారు ఒక పని చెయ్యండి. మీరు పనిచేసే చోట, ఆసుపత్రి కానివ్వండి, షాపు కానివ్వండి, కాలేజీ కానివ్వండి, రేపు సాయంత్రం గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. ఎవరి సంచి వెతుకుతున్నారు, ఎవరిది వెతకట్లేదు? ఊడ్చేవాళ్ళదీ, వండేవాళ్ళదీ, జంతువుల్ని చూసేవాళ్ళదీ మాత్రమే వెతుకుతుంటే, వాళ్ళ తరఫున ఉపన్యాసమేమీ ఇవ్వక్కర్లేదు. మీ బ్యాగు తీసుకెళ్ళి వాళ్ళ సంచి పక్కన పెట్టండి. జిప్పు మీరే తియ్యండి. "నాది కూడా చూడండి" అనండి.